బూట్లు విప్పి వచ్చిన దొంగ

"ఓడ ఐదింటికి కదులుతుంది. నిచ్చెన పావుతక్కువ ఐదింటికే ఎత్తేస్తారు. ఇప్పుడు టైం రెండూ నలభై," అన్నాడు ఓడ్‌వార్ టోపీ మీది చినుకులు దులుపుకుంటూ. "రెండు గంటల ఐదు నిమిషాలుంది. దొంగని పట్టుకోవడానికి కావలసినంత టైం."

"దొంగని పట్టుకోవడం పావుతక్కువ రెండింటికే అయిపోయింది," అంది సున్నివా ఫైల్లోంచి తలెత్తకుండా. "చేపల సూపు తాగుతుండగా పట్టుకున్నాను. పక్కగదిలో ఉన్నాడు. నీకు మిగిలిన పని ఒక కప్పు కాఫీ తాగి ఇంటికెళ్లడం."

"సూపు పూర్తిగా తాగనిచ్చావా?"

"సగం."

"అది తప్పు. దొంగైనా సరే, ఆలెసున్ వచ్చినవాడిచేత చేపల సూపు సగంలో వదిలించకూడదు."

సున్నివా పన్నెండేళ్లు ఓడ్‌వార్ కింద పనిచేసింది. ఇప్పుడు పోలీస్ స్టేషన్ ఆవిడది, కుర్చీ ఆవిడది, ఆఖరికి ఓడ్‌వార్ పాతికేళ్లు తాగిన కాఫీ మగ్గు కూడా ఆవిడదే. ఓడ్‌వార్ రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక, మ్యూజియాలకి బీమా చేసే కంపెనీ తరఫున ఊళ్లో తిరుగుతున్నాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవమే. అది బయటపడకుండా ఇద్దరూ చాలా జాగ్రత్త పడతారు.

పోయింది వెండి కాఫీ కూజా. 1904లో ఊరు ఊరంతా తగలబడిన రాత్రి కెప్టెన్ స్తోర్‌విక్ భార్య నగలూ బట్టలూ అన్నీ వదిలేసి, ఆ కూజా ఒక్కటి చంకన పెట్టుకుని గాలివానలో కొండమీదికి పరుగెత్తింది. పైకెళ్లి వంచితే కాఫీ ఇంకా పొగలు కక్కుతోందనీ, ఆ ఒక్క కూజాతో నలభైమందికి పోసిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. ఓడ్‌వార్ అమ్మమ్మ అయితే ఆ రాత్రి తనూ ఒక కప్పు తాగానని చెప్పేది. ఆవిడ పుట్టింది 1911లో.

అలాంటి కూజా ఈరోజు పావుతక్కువ పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య, ఇప్పుడు మ్యూజియం అయిన కెప్టెన్ ఇంటి మేడమీది నుంచి మాయమైంది. వచ్చే శుక్రవారం దాన్ని తూచి, పరీక్షించి, విలువ కట్టడానికి బెర్గెన్ నుంచి మనిషి రావలసి ఉంది. ఆ సంగతి మ్యూజియం తలుపు మీద కూడా అంటించి ఉంది.

"నీ దొంగని ఒకసారి చూస్తాను," అన్నాడు ఓడ్‌వార్.

పక్కగదిలో ఉన్నాయన పేరు బాల్తజార్. డెబ్భై దాటిన పోర్తుగీసు మనిషి, పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. ఒళ్లో టోపీ, కాళ్ల దగ్గర సంచీ. సంచీలో రెండు కిలోల ఉప్పుచేప. గదంతా దాని వాసనే.

"నేను వంటమాస్టర్నయ్యా," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "నలభై రెండేళ్లు చిన్న హోటల్లో ఉప్పుచేప వండాను. పెట్టె తెరిచినప్పుడల్లా మూతమీద ఆలెసున్ అని ఉండేది. ఒక్కసారి ఆ ఊరు చూసి చచ్చిపోతే చాలనుకున్నాను. చూశాను. ఇప్పుడు దొంగనంటున్నారు."

"పొద్దున్నించీ ఏం చేశారో టైంతో సహా చెప్పండి."

"తొమ్మిదింటికి ఓడ దిగాను. పదింటికి రేవులో టూరు మొదలైంది. పద్నాలుగుమందిమి. గైడు బోర్గిల్‌గారు. అయ్యా, ఆవిడ ఒక్కొక్క ఇంటినీ సొంత కూతుర్ని పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు చూపించారు. పదకొండూ ఇరవైకి కెప్టెన్ ఇల్లు. పావుతక్కువ పన్నెండుకి బయటికొచ్చాం. పన్నెండుంబావుకి చర్చి దగ్గర టూరు ముగిసింది. అక్కడ నెత్తి తడుముకుంటే టోపీ లేదు."

"వెనక్కెళ్లారు."

"పన్నెండూ ఇరవైకి. తలుపు తోస్తే తెరుచుకుంది. మా దేశంలో తాళంలేని తలుపు చూస్తే భయమేస్తుంది. ఇక్కడ ముచ్చటేసింది. కొక్కేనికి టోపీ ఉంది, తీసుకుని బయటపడ్డాను. తరవాత కొండ మెట్లెక్కాను. నాలుగువందల పదిహేడు."

"పద్దెనిమిది," అంది సున్నివా గుమ్మంలోంచి. "కరపత్రంలో ఉన్నది కూడా సరిగ్గా చదవలేదు."

"కరపత్రంలో పద్దెనిమిదే ఉందమ్మా. నేనెక్కింది పదిహేడు. మధ్యలో ఒకచోట పగిలిన మెట్టు తీసేసి ఏటవాలుగా చెక్క పరిచారు. నలభై రెండేళ్లు వంటింట్లో గుడ్లు లెక్కపెట్టినవాణ్ణి, లెక్క తప్పను."

ఓడ్‌వార్ సున్నివా వంక చూశాడు. "ఆ చెక్క వేసింది నిన్న సాయంత్రం. నా మోకాలు సాక్ష్యం."

"ఎక్కలేదని నేనెప్పుడన్నాను? కూజా పొదల్లో దాచడానికే ఎక్కాడు. ఇద్దరు వెతుకుతున్నారు."

"ఏం దొరికింది?"

"గొడుగొకటి. చేతితొడుగులు రెండు," అని ఆగింది. "రెండూ ఎడమచేతివే."

"మరి ఆయన ఇంట్లోకెళ్లడం ఎవరు చూశారు?"

"ఎంద్రె అని, ఓస్లో నుంచి వచ్చిన పెద్దమనిషి. అదే టూర్లో ఉన్నాడు. టూరయ్యాక ఎదురుగా ఉన్న బేకరీలో కూర్చున్నాడు. ఒంటిగంటదాకా ఇంట్లోకి వెళ్లినవాడు ఈయనొక్కడే అంటున్నాడు."

బాల్తజార్ జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. "ఇందులో అన్నీ టైంతో రాసుకున్నానయ్యా. మీ మాటలు కూడా. ఊరంతా తక్ తక్ అని గుర్రపుడెక్కల చప్పుడులా ఒకటే థాంక్స్. తిన్నాక తిండికి థాంక్స్. నడిచాక నడకకి థాంక్స్. వెళ్లేటప్పుడు ఈరోజుకి థాంక్స్. ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు. ఒక్క థాంక్స్ మాత్రం నాకు అంతుపట్టలేదు. ఎవరైనా చెబుతారేమోనని..."

"భాషాపాఠాలు తరవాత," అంది సున్నివా. "ఓడ కెప్టెన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎవరికోసమూ ఆగనన్నాడు."

"ఓడ పోతే పోనీ తల్లీ," అన్నాడు బాల్తజార్ టోపీ అంచు నలుపుతూ. "ఇంకో ఓడ వస్తుంది. ఈ ఊళ్లో నా పేరు దొంగ అని రాసుకుంటే, ఇంటికెళ్లి మళ్లీ ఉప్పుచేప పెట్టె ఏ మొహంతో తెరవను?"

ఓడ్‌వార్ చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం ఒక గంట నాకిస్తారా?"

మూడింటికి ఓడ్‌వార్, సున్నివా కెప్టెన్ ఇంటికి చేరేసరికి బోర్గిల్ గుమ్మం మెట్టు మీద వానలోనే కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. చేతిలో అరచెయ్యంత తాళంచెవి.

"ఇప్పుడెందుకమ్మా అది పట్టుకుని?" అంది సున్నివా. "తాళం వెయ్యని ఇంట్లో దొంగతనం జరిగిందని కంప్లయింటు రాసుకోవడం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

"ముప్పై ఒక్క ఏళ్లుగా మధ్యాహ్నం పూట తాళం వెయ్యలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క చెంచా పోలేదు. టూరు ముగించి, రొట్టె తిని, ఒంటిగంటకి వచ్చి సర్దుకుంటాను. అందరికీ తెలిసిందే."

"అందరికీ తెలిసిందే కదా, అదే తంటా," అని సున్నివా లోపలికి అడుగుపెట్టబోయి ఆగి, బూట్లు విప్పింది. ఓడ్‌వార్ అప్పటికే విప్పేశాడు.

నేల చెక్కది. వారంవారం సబ్బునీళ్లతో తోమి తోమి మీగడరంగుకి తెచ్చిన పలకలు. వాటిమీద వానచుక్క పడిందంటే మళ్లీ తోమేదాకా మచ్చ పోదు. ఓడ్‌వార్ గుమ్మంలోనే వంగి, మోకాళ్లు పట్టుకుని చూశాడు. గుమ్మం నుంచి కొక్కెం దాకా నాలుగు తడిమచ్చలు, పొట్టి బూట్లవి. తిరిగి నాలుగు మచ్చలు గుమ్మం దాకా. మేడమెట్లు కొక్కేనికి ఇంకా ఆరడుగుల అవతల ఉన్నాయి. అటువైపు ఒక్క చుక్క లేదు. మెట్లమీదా లేదు.

"పొద్దున పద్నాలుగుమంది ఎక్కారు కదా, వాళ్ల మచ్చలేవి?" అన్నాడు.

"బూట్లమీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేయించాను. అందరికీ నేనే వంగి తొడిగాను. దిగాక నేనే తీసి లెక్కపెట్టాను. పద్నాలుగు జతలు," అంది బోర్గిల్.

"మరి బాల్తజార్ రెండోసారి వచ్చినప్పుడు తొడుక్కోలేదు."

"కంగారులో మర్చిపోయి ఉంటాడు పాపం."

"చూశావా సున్నివా. నాలుగడుగులు రాక, నాలుగడుగులు పోక. మేడ ఎక్కలేదు."

"ఎక్కాడు. కొక్కెం దగ్గర బూట్లు విప్పి ఎక్కాడు."

"బూట్లు విప్పాలన్న ఇంగితం ఉన్నవాడు గుమ్మంలో విప్పుతాడుగానీ, కడిగిన నేలమీద నాలుగడుగులు తొక్కాక విప్పుతాడా?"

ఓడ్‌వార్ మెట్లు ఒక్కొక్కటే తడుముతూ ఎక్కాడు. మూడో మెట్టు అంచున మేకు తల కొంచెం పైకి లేచి ఉంది. దానికి జానెడు ఉన్నిపోగు చిక్కుకుని ఉంది. సగం బూడిదరంగు, సగం ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గొర్రె వాసన. ఇంట్లో అల్లిన మేజోడు.

స్టేషనుకి ఫోన్ చేశాడు. "బాల్తజార్ మేజోళ్లు ఏ రంగో చూసి చెప్పు... ఎందుకని అడక్కు, బూటు విప్పించి చూడు." కాసేపు విని ఫోన్ పెట్టేశాడు. "పల్చటి నల్ల నూలువి. బొటనవేలి దగ్గర చిల్లట."

"అయితే ఏమంటావు?" అంది సున్నివా. "దొంగ బూట్లు విప్పి, మేజోళ్లతో మేడెక్కి, కూజా పట్టుకుని, దిగివచ్చి మళ్లీ బూట్లు వేసుకున్నాడా? ఏ దొంగైనా అలా చేస్తాడా?"

"మనవాడైతే చేస్తాడు. వచ్చింది దొంగతనానికే అయినా, తడి బూట్లతో కడిగిన నేల తొక్కడానికి మనవాడికి కాళ్లు రావు. చిన్నప్పుడు వాళ్లమ్మ తిట్టిన తిట్లు అడ్డమొస్తాయి. నువ్వు పరాయిదేశం వాడికోసం వెతికావు. ఇది మన మర్యాద తెలిసినవాడి పని."

మేడమీద ఖాళీ గాజుపెట్టె ఉంది. చిన్న గొళ్లెం తప్ప తాళం లేదు. బోర్గిల్ దాని పక్కన నిలబడి, లేని కూజాని చూస్తున్నట్టు చూసింది.

"పోయిన అక్టోబరులో ఈ పెట్టె బిగించారు. అప్పటిదాకా ప్రతి శనివారం నేనే తోమేదాన్ని. పెట్టె వచ్చాక నన్ను కూడా ముట్టుకోవద్దన్నారు. గాజుమీద తుడిచి సరిపెట్టుకున్నాను," అంది. "రేపటినుంచి ఇక్కడికొచ్చి ఏం చూపించను? మూడొంతుల కథ ఆ కూజాదే."

ఓడ్‌వార్ కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు. పోర్తుగీసు రాత ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ బాల్తజార్ రాతకన్నా బొమ్మలే ఎక్కువ వేశాడు. పేజీ అంచున టైం, పక్కన చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్న ఆలెసున్ మాట, దాని పక్కన బొమ్మ. తిండికి థాంక్స్ పక్కన పళ్లెం. నడకకి థాంక్స్ పక్కన చర్చి గోపురం. పన్నెండు ముప్పావు దగ్గర కొండ, కొండనిండా మెట్లు, పైన చేతులు చాచిన గుండ్రటి మనిషి. ఆ బొమ్మ దగ్గర ఓడ్‌వార్ నవ్వుకున్నాడు. ఆ కొండని రోజూ చూసే తను ఎప్పుడూ అలా చేతులు చాచలేదు.

పేజీ వెనక్కి తిప్పాడు. పదీ రెండు నిమిషాలు. రేవు. ఒక పొడుగు కోటు మనిషి గైడు చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. కింద "తక్ ఫోర్ సిస్ట్" అని రాసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

ఓడ్‌వార్ నవ్వు ఆగిపోయింది.

"బోర్గిల్, పొద్దున రేవులో నీకెవరైనా పోయినసారికి థాంక్స్ చెప్పారా?"

"చెప్పారు. ఆ బూడిదరంగు కోటాయన, ఎంద్రె."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాం? మీక్కూడా, పోయినసారికి థాంక్స్ అన్నాను."

"పోయినసారంటే ఎప్పుడు?"

"గుర్తులేదు. ఏడాదికి వేలమంది వస్తారు. మనం ఎప్పుడు కలిశామండీ అని మొహంమీదే అడుగుతామా? ఎంత అవమానం ఆయనకి?"

ఆలెసున్‌లో మనిషిని రెండోసారి కలిస్తే ముందు నోట్లోంచి రావలసిన మాట అది. నిన్న కలిసి కాఫీ తాగినా, నాలుగేళ్లకిందట ఎవరి పెళ్లిలోనో ఎదురుపడినా ఒకటే మాట. మొదటిసారి చూసిన మనిషితో ఎవరూ అనరు. పాపం బాల్తజార్‌కి అదే అంతుపట్టలేదు. ఇంకా ఏమీ జరగకముందే ఈ పెద్దమనిషి దేనికి థాంక్స్ చెబుతున్నాడు?

"సున్నివా, ఎంద్రె వాఙ్మూలం చదువు."

ఆవిడ ఫోన్లో తెరిచి చదివింది. "'నేను ఓస్లో వాణ్ణి. ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి. ఆ ఇంటినిగానీ, గైడునిగానీ ఇంతకుముందెప్పుడూ చూడలేదు.'"

"చూశావా అని నువ్వడిగావా?"

"లేదు."

"అడక్కుండానే చెప్పాడన్నమాట."

"ఒక్క థాంక్స్ పట్టుకుని మనిషిని దొంగని చేస్తావా?" సున్నివా గొంతు పెంచింది. "అలవాటులో జారిన మాటది. మా మేనత్త పన్ను పీకే డాక్టరుతో కూడా అంటుంది."

"మీ మేనత్త ఆ డాక్టరు దగ్గరికి అంతకుముందు వెళ్లిందా లేదా?"

"...వెళ్లింది."

"అదీ సంగతి."

"ఇది కోర్టులో నిలబడదు ఓడ్‌వార్. నువ్వే నేర్పావు నాకు. మాట కాదు, వస్తువు కావాలి."

"వస్తువు అతని కాళ్లకే ఉంది. ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆరింటి విమానానికి వెళుతున్నాడు. వాఙ్మూలం మీద సంతకం ఇంకా పెట్టలేదు, దారిలో స్టేషనుకి వచ్చి పెడతానన్నాడు."

"స్టేషన్లో ఎవరూ బూట్లు విప్పరు," అన్నాడు ఓడ్‌వార్. "బోర్గిల్ ఇంటికి రమ్మను. వీధి చివరే కదా. సాక్షికి మర్యాద చెయ్యాలనుకుంటోందని చెప్పు. బోర్గిల్, వాఫుల్స్‌కి పిండి ఉందా?"

"ఎప్పుడు లేదు?" అంది బోర్గిల్.

సున్నివా గడియారం చూసింది. మూడూ నలభై ఐదు. "నాలుగున్నరదాకా. ఆ తరవాత నీ పోర్తుగీసు వంటమాస్టరు ఈ రాత్రికి నా అతిథి. నువ్వు మళ్లీ నా స్టేషన్ గుమ్మం తొక్కకూడదు."

"బూట్లతోనా, బూట్లు లేకుండానా?" అన్నాడు ఓడ్‌వార్.

నాలుగూ పదికి బోర్గిల్ ఇంటినిండా వెన్నవాసన. బల్లమీద వాఫుల్స్, తియ్యటి గోధుమరంగు జున్ను, ఎర్రటి పళ్ల జాం. సున్నివా కాగితాలు పరుచుకుని కూర్చుంది. మళ్లీ మళ్లీ గడియారం చూస్తోంది. స్టేషన్లో ఉన్న బాల్తజార్‌కి కిటికీలోంచి ఓడ పొగగొట్టం కనిపిస్తుందని ఆవిడకి తెలుసు. ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆవిడే.

నాలుగూ పదహారుకి టాక్సీ ఆగింది. ఎంద్రె గుమ్మంలోకి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. బూడిదరంగు కోటు, నున్నగా గీసిన గడ్డం, వీపున సంచీ. "ఇంత శ్రమ ఎందుకు తీసుకున్నారు?" అన్నాడు నవ్వుతూ.

అంటూనే సంచీ దింపి గోడవార పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే వంగి బూట్లు విప్పాడు. మడమలు రెండూ కలిపి, ముక్కులు గుమ్మంవైపు తిప్పి, వరసలో చక్కగా పెట్టాడు. అంత పొందిగ్గా పెట్టాడు, చూస్తే ముద్దొచ్చింది ఓడ్‌వార్‌కి.

మేజోళ్లు బూడిదరంగువి. ఎర్రటి పట్టీ.

"మంచి మేజోళ్లండీ," అన్నాడు ఓడ్‌వార్.

"మా అమ్మ అల్లింది."

"చెయ్యి తిరిగిన మనిషి. కానీ కుడికాలిది ఒక పోగు లేచిపోయింది చూశారా." జేబులోంచి కవరు తీసి, అందులోని ఉన్నిపోగు ఎంద్రె పాదం పక్కన నేలమీద పెట్టాడు. సగం బూడిద, సగం ఎరుపు. "కెప్టెన్ ఇంటి మూడో మెట్టు మీద మేకు కొంచెం లేచి ఉంది. దాన్ని కొట్టించాలి."

ఎంద్రె కిందికి చూశాడు. నవ్వు మొహాన అలాగే ఉంది. "పొద్దున టూర్లో తగిలి ఉంటుంది."

"పొద్దున మీ మేజోళ్లు బూట్లలో ఉన్నాయి," అంది బోర్గిల్ వంటింటి గుమ్మంలోంచి, గరిట చేత్తో పట్టుకునే. "మీ బూట్లకి నీలం తొడుగులు వేసింది నేను. వంగి వేశాను. నా నడుము ఇంకా చెబుతోంది."

ఎంద్రె కళ్లు గోడవార సంచీ మీదికి వెళ్లాయి. వెళ్లి, వెంటనే తిరిగొచ్చాయి. ఆ రాకపోకలు సున్నివా చూసింది. లేచి, చేతితొడుగులు వేసుకుని, సంచీ తెరిచింది. పైన రెండు చొక్కాలు. కింద మందపాటి స్వెట్టరు. స్వెట్టరు మడతల్లో వెండి మెరిసింది.

ఎంద్రె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "లాయరు వచ్చేదాకా ఏమీ మాట్లాడను," అన్నాడు. బల్లవైపు చూసి, "ఒక వాఫుల్ తీసుకోవచ్చా?" అన్నాడు.

"తీసుకోండి," అంది బోర్గిల్. ఆ ఊరి మర్యాద అలాంటిది.

సున్నివా అప్పటికే ఫోన్లో ఉంది. "ఎంద్రెని తీసుకెళ్లడానికి ఇద్దర్ని పంపించు. బాల్తజార్‌ని వదిలెయ్. కాదు, నువ్వు దింపొద్దు, నేనే వస్తున్నాను. సంచీ, చేప జాగ్రత్త." ఫోన్ పెట్టేసి ఓడ్‌వార్ వంక చూసింది. టైం నాలుగూ ఇరవై ఎనిమిది. "ఇంకా రెండు నిమిషాలుంది. నీ టైం వృథా చేశావు."

ఎంద్రెని వచ్చినవాళ్లకి అప్పగించి, స్టేషన్లో బాల్తజార్‌ని ఎక్కించుకుని, ఓడ దగ్గరికి సైరన్ మోగించుకుంటూ వెళ్లారు. ముందుసీట్లో బాల్తజార్, ఒళ్లో ఉప్పుచేప. వెనకసీట్లో ఓడ్‌వార్, బోర్గిల్, వాళ్ల మధ్య స్వెట్టర్లో చుట్టిన కూజా. నాలుగూ నలభై ఒకటికి రేవులో దిగారు. నిచ్చెన దగ్గర ఓడమనిషి చెయ్యి గడియారం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

సున్నివా బాల్తజార్ ముందు నిలబడి టోపీ తీసింది. "నాది పొరపాటు. క్షమించండి."

"మీరు చేప ముట్టుకోలేదు కదమ్మా, ఇంకేం ఫరవాలేదు," అన్నాడు బాల్తజార్. నోటుపుస్తకం ఓడ్‌వార్ చేతిలోంచి తీసుకుని బోర్గిల్ వైపు తిరిగాడు. నేర్చుకున్న మాట తప్పు పోకుండా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, ఈరోజుకి థాంక్స్ అన్నాడు. అని, ఆగాడు. "ఆ ఇంకో థాంక్స్ ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు నాకు."

"అది మీరు మళ్లీ వచ్చినప్పుడు అనేది," అంది బోర్గిల్, కాగితంలో చుట్టిన వాఫుల్ ఆయన చేతిలో పెడుతూ. "మొదటిసారి కుదరదు."

బాల్తజార్ పెన్సిలు తీసి ప్రశ్నార్థకం కొట్టేశాడు. దాని పక్కన ఓడ బొమ్మ ఒకటి వేశాడు, ముక్కు ఊరివైపు తిప్పి. తరవాత పరుగులాంటి నడకతో నిచ్చెనెక్కాడు. పైన నిలబడి చేతులు రెండూ చాచాడు, నోటుపుస్తకంలో కొండమీది మనిషిలాగే.

నిచ్చెన లేచింది. సరిగ్గా పావుతక్కువ ఐదు.

"పద బోర్గిల్, నీ కూజా దొరికింది," అన్నాడు ఓడ్‌వార్ కారెక్కుతూ. "శుక్రవారం తూచేదాకా సున్నివా దగ్గరుంటుందనుకో. కానీ ఒకసారి చూసుకో."

సున్నివా చేతితొడుగులు ఇచ్చింది. బోర్గిల్ తొడుక్కుని, స్వెట్టరు మడతలు విప్పి, ఏడెనిమిది నెలల తరవాత మొదటిసారి కూజాని రెండు చేతులా ఎత్తింది. ఎత్తిన చేతులు అనుకున్నదానికన్నా పైకి పోయాయి. నిండుకుండ అనుకుని ఖాళీకుండ ఎత్తినట్టు. మొహంలో నవ్వు అలాగే ఆగింది. మెల్లగా దింపి, మళ్లీ ఎత్తింది. అడుగు తిరగేసి, అక్కడి పాత సొట్ట మీద, చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"సొట్ట అక్కడే ఉంది," అంది. "అక్షరాలూ అవే. కానీ ఇది కాదు."

"ఏది కాదు?" అంది సున్నివా అద్దంలోంచి.

"ముప్పై ఏళ్లు తోమాను. ఆ కూజా ఖాళీగా ఉన్నా కాఫీ ఉన్నంత బరువుండేది. ఇది రేకు. పైన వెండి పూత."

సున్నివా కారు పక్కకి తీసి ఆపింది. ఓడ్‌వార్ కిటికీలోంచి సముద్రం వంక చూశాడు. ఓడ అప్పుడే మలుపు తిరుగుతోంది.

"బోర్గిల్, గాజుపెట్టె ఏ రోజు బిగించారు?"

"అక్టోబరు ఆఖరి సోమవారం."

"శనివారం నువ్వు తోమింది అసలుదే. మధ్యలో మిగిలింది ఆదివారం. ఆ ఏటికి ఆఖరి టూరు. ఎవరొచ్చారో గుర్తుందా?"

బోర్గిల్ కళ్లు మూసుకుంది. "ఆ ఎంద్రే. అప్పుడు గడ్డం ఉంది," అంది. "గుబురు గడ్డం. ఎంత తూగుతుందని కూజా ఒకసారి చేతికివ్వమని అడిగాడు. ఇచ్చాను. ఈలోపు కింద ఎవరో పిలిస్తే, కూజా అతని చేతిలోనే వదిలి దిగాను."

"అప్పుడే నకలు పెట్టి మార్చేశాడు. శుక్రవారం తూచడానికి మనిషి వస్తున్నాడని ఎలాగో తెలిసి, రేకుది బయటపడకముందే తీసుకుపోవడానికి వచ్చాడు," అన్నాడు ఓడ్‌వార్. నిదానంగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అసలుది ఎక్కడుందో దేవుడికెరుక. మనం ఆ థాంక్స్ నోరుజారి వచ్చిందనుకున్నాం. పోయినసారి నువ్విచ్చింది పట్టుకెళ్లాడు బోర్గిల్. మర్యాదస్తుడు. చెప్పవలసిన మనిషికే చెప్పాడు."